నువ్వులూ నీళ్ళూ

బేతంచెర్లలో నీళ్ళు వదలకుండా ఏ పనీ సాగదు. గనిలోంచి లారీలో దిగిన నాపరాయి షెడ్డులో బల్ల మీదికెక్కుతుంది. తిరిగే బ్లేడు రాయిని తాకే చోట సన్నటి పైపులోంచి నీళ్ళు ఎడతెగకుండా పడుతూనే ఉండాలి. నీళ్ళు ఆగాయా, బ్లేడు కాలిపోతుంది, రాయి అంచు పెచ్చులేస్తుంది. పాలిష్‌కూ అదే లెక్క. అందుకే ఆ షెడ్డుల్లో పనిచేసేవాళ్ళ పాదాలు పొద్దస్తమానం బూడిదరంగు బురదలోనే నానుతుంటాయి. ఆ బురద దాటి ఆఫీసు గదిలోకి అడుగు పెడితే, గుమాస్తా ఖాతా పుస్తకం తిరగేస్తూ ఇంకో రకం నీళ్ళ సంగతి మాట్లాడుతుంటాడు.

"ఆయప్ప బాకీ ఇంక రాదు సామీ. నీళ్లిడుసుకోవాల్సిందే."

బండల వ్యాపారంలో చేతిరొక్కం తక్కువ, ఉద్దర ఎక్కువ. లోడు కదిలేటప్పుడు కొంత, సరుకు అమ్ముడయ్యాక మిగతాది. ఆ "మిగతాది" అనేదే అరబ్బీలో "బాకీ". మిగిలి ఉన్నది అని అర్థం, అంతే. అందులో తిట్టు లేదు, నింద లేదు. మాట అంత మర్యాదగా వచ్చి మన ఖాతా పుస్తకాల్లో కూర్చుంది. మిగిలినది మిగిలిపోయినప్పుడు మాత్రం తెలుగు మాటలు మొదలవుతాయి. వాటిలో మొదటిది ఈ నీళ్ళొదలడం.

ఈ నీళ్ళు ఎక్కడివి? రెండు చోట్ల నుంచి వచ్చి ఉండాలనిపిస్తుంది. ఒకటి దానధార. భూమి ఇచ్చినా, గోవునిచ్చినా, కన్యనిచ్చినా చేతిలో నీళ్ళు ధారగా వదిలితేనే ఇచ్చినట్టు. మన పాత శాసనాల్లో "ధారాపూర్వకంగా" అనే మాట పదే పదే కనిపిస్తుంది. నీళ్ళు వదిలాక ఇక అది నాది అనడానికి లేదు. రెండోది తిలోదకం. తిలలంటే నువ్వులు, మా వైపు నూగులు. ఉదకమంటే నీళ్ళు. పోయినవాళ్ళ పేరూ గోత్రమూ చెప్పి, దర్భ ఉంగరం వేలికి పెట్టుకుని, జంధ్యం ఉన్నవాడైతే దాన్ని కుడి భుజం మీదికి మార్చుకుని, దక్షిణం వైపు తిరిగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులోంచి నువ్వులు కలిసిన నీళ్ళు వదులుతారు. ఆ సందుకు పితృతీర్థమని పేరు. దేవతలకు వేలి కొసల నుంచి, పితరులకు ఆ సందులోంచి. చేతిలో ఎవరి దారి వాళ్ళకుంది.

కొడుకు తండ్రికి చేయాల్సినవాటిలో చిట్టచివరి పని అది. అన్నం పెట్టడం అయిపోయింది, మందు ఇప్పించడం అయిపోయింది, భుజం మీద మోయడం అయిపోయింది. ఇక మిగిలింది గుప్పెడు నూగులూ చెంబుడు నీళ్ళూ. మహాలయ పక్షంలో, అమావాస్యల్లో, తద్దినం నాడు ఏడాదికేడాది వదులుతూనే ఉండాలి. మనిషి పోయినా తీరని బాధ్యతకు గుర్తు ఆ నీళ్ళు. అలాంటి మాటను తీసుకుని మన పత్రికలు రోజూ పొద్దున్నే ఏమని అచ్చేస్తున్నాయి? హామీలకు తిలోదకాలు. నిబంధనలకు తిలోదకాలు. విధులకు తిలోదకాలు. బాధ్యత తీర్చడానికున్న మాట, బాధ్యత వదిలేయడానికి పేరైంది.

ఎలా తిరగబడిందో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. తిలోదకం ఇచ్చేది చచ్చినవాళ్ళకే. బతికి కళ్ళెదుట తిరుగుతున్నదానికి ఇచ్చామంటే, అది మన వరకు చచ్చిందని చాటినట్టే. హామీ ఇంకా బతికే ఉంది, ఎవరో దానికి దక్షిణం వైపు తిరిగి నీళ్ళు వదిలేశారు. ఆ కొంటెతనం మొదట ఎవరికి తోచిందో గానీ, చేయి తిరిగినవాడే. ఇప్పుడు వాడి వాడి అరిగిపోయింది. నువ్వులెక్కడ, నీళ్ళెక్కడ అని అడిగేవాడు లేడు.

బతికున్నవాడు తనకు తానే పిండం పెట్టుకునే సందర్భం మాత్రం శాస్త్రంలోనే ఒకటుంది. సన్న్యాసం తీసుకునేవాడు ముందుగా ఆత్మశ్రాద్ధం చేసుకుంటాడు. భార్య, పిల్లలు, అప్పులు, పొలం గట్టు తగాదా, అన్నిటికీ తాను చచ్చినట్టు ప్రకటించి గడప దాటుతాడు. బాధ్యత వదిలిపెట్టడానికి మన పెద్దలు ఒప్పుకున్న రాచబాట అదొక్కటే. అదైనా నోటీసిచ్చి వదలడం. చెప్పకుండా రాత్రికి రాత్రి బస్సెక్కి పోవడం కాదు.

ఈ చుట్టుపక్కల విధి నిర్లక్ష్యం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పోతులూరి వీరబ్రహ్మం గారు. పక్కనున్న బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట పశువుల కాపరిగా ఉన్నాడని, రవ్వలకొండకు ఆవుల్ని తోలుకుపోయి, వాటిని వదిలేసి గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకుంటుండేవాడని కథ. జీతగాడు పని ఎగ్గొట్టి ఏదో రాసుకుంటున్నాడని ఇంటావిడకు తెలిసి చూడడానికి పోయింది. చూస్తే ఆవుల చుట్టూ ఒక గీత గీసి ఉంది. ఒక్క ఆవూ గీత దాటడం లేదు. పనీ జరుగుతోంది, రాతా జరుగుతోంది. అచ్చమ్మ ఆయనకు శిష్యురాలైంది. ఇప్పుడు బల్ల మీద కళ్ళజోడు, కుర్చీ మీద తువ్వాలు ఉంచి మనిషి మాయమయ్యే ఆఫీసుల్లో కూడా ఆ గీతే గీశామనుకుంటారు. ఆవులు మాత్రం ఊరంతా మేస్తుంటాయి.

తిలోదకం ఒక్కటే ఇలా తలకిందులైందా అని చూస్తే, కాదు. మన భాషలో ఎగవేత మాటల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఏ వూరిదానివే అని అడిగితే, చాలావరకు గుడి వైపే చెయ్యి చూపిస్తాయి.

మొక్కుబడి సంగతి చూడండి. బేతంచెర్ల మండలంలోనే ఆర్.ఎస్. రంగాపురం దగ్గర కొండల నడుమ మద్దిలేటి నరసింహస్వామి ఉన్నాడు. మా జనం ఆయనకు మొక్కుకునే తీరు చూస్తే బ్యాంకు మేనేజరు ఈర్ష్యపడాలి. బిడ్డకు జ్వరం తగ్గితే తలనీలాలు, బోరు పడితే ఇంకొకటి. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు, జామీను లేదు. అయినా బాకీ పడిపోవడమనేది ఉండదు. మనిషి బాకీ మరిచినవాడు కూడా స్వామి మొక్కు మరవడు. ఏళ్ళు గడిచినా "ఆ మొక్కు అట్లే ఉండిపాయె" అని ఇంట్లో ముసలామె గుర్తు చేస్తూనే ఉంటుంది, దుబాయి నుంచి వచ్చినవాడు కూడా ముందు అక్కడికే పోయి గుండు గీయించుకుంటాడు. అంత పట్టుదలగా తీర్చే దానికి పేరు మొక్కుబడి. అదే మాటకు చివర "గా" తగిలించండి. మొక్కుబడిగా తనిఖీ చేశారు. మొక్కుబడిగా సమావేశం జరిపారు. అంటే మనసు లేకుండా, లెక్క చూపడానికి, పైపైన. ఒక్క అక్షరంతో మాట ప్రాణం పోయింది.

కైంకర్యమూ అంతే. కింకరుడంటే "ఏం చేయమంటారు?" అని చేతులు కట్టుకుని అడిగేవాడు. అతను చేసే సేవ కైంకర్యం. తిరుమలలో, అహోబిలంలో ఆ మాటకు ఇప్పటికీ పాత గౌరవమే. కొండ దిగగానే, సంఘం డబ్బు కైంకర్యం చేశాడంటే మింగేశాడని. స్వాహా అన్నా అదే. హోమంలో అగ్నికి ఇచ్చేటప్పుడు అనే మాట. నిధులు స్వాహా అయ్యాయంటే ఇక్కడ అగ్ని ఎవరో మనమే ఊహించుకోవాలి. పోయిన డబ్బు గోవిందా. రాని డబ్బు కృష్ణార్పణం. మూతపడ్డ పథకానికి మంగళం పాడేస్తారు.

నామం కథ వేరుగా చెప్పుకోవాలి. పంగ అంటే చీలిన కొమ్మ. పంగలా చీలిన నిలువు నామం పంగనామం. "వాడు నాకు పంగనామం పెట్టాడు" అంటే నా డబ్బు ఎగ్గొట్టాడని. శఠగోపం పెట్టడం, కుచ్చుటోపీ పెట్టడం కూడా ఇదే వరస. ఇక్కడ ఒక విచిత్రముంది. నామం ఎవరి నొసట? డబ్బు పోగొట్టుకున్నవాడి నొసట. శఠగోపం ఎవరి నెత్తిన? వాడి నెత్తినే. టోపీ కూడా వాడికే. అవి చాలవన్నట్టు చెవిలో పువ్వు. ఎగ్గొట్టినవాడు ఏ గుర్తూ లేకుండా శుభ్రంగా బయటికి నడిచిపోతాడు. ఇచ్చినవాణ్ణి మాత్రం భాష పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి వీధిలో నిలబెడుతుంది. జనం వచ్చి చూసి నవ్విపోతారు. నమ్మినవాణ్ణి చూసి నవ్వడం మన ఊళ్ళలో ఉచితంగా దొరికే వినోదం.

ఈ నామం వెంకన్నదే అయ్యుండాలని నా ఊహ. తెలుగువాళ్ళకు తెలిసినవాళ్ళలో ఆయనంత పెద్ద బాకీదారు లేడు. పద్మావతితో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, కలియుగం చివర అసలు తీరుస్తానన్నాడు, అందాకా వడ్డీ కడుతున్నాడు. అందుకే వడ్డికాసులవాడు. ఆ వడ్డీ కట్టేది ఎవరంటే ఆయన నామం నొసట పెట్టుకుని కొండెక్కేవాళ్ళు. అప్పు ఒకరిది, నామం ఒకరిది. మన ఎకసెక్కం అక్కడ పుట్టిందని రుజువు చూపలేను గానీ, పుట్టడానికి అంతకంటే అనువైన చోటు కనిపించదు. దేవుణ్ణి మాత్రం ఎవరూ ఎగవేతదారు అనరు. వడ్డీ ఆపలేదు కదా.

ఇన్ని ఎగవేత మాటలు గుడిలోంచే ఎందుకు రావాలి? భక్తి తగ్గిందని, వెటకారం పెరిగిందని సరిపెట్టుకోవచ్చు. నాకలా తోచదు. ఊళ్ళో బాధ్యత అనేదాన్ని రాతలో పెట్టి, వేళ పెట్టి, ఎవరి వంతు ఏమిటో తేల్చి నడిపించిన చోటు గుడే. ఎవరు దీపానికి నూనె పోయాలి, ఎవరు పల్లకీ మోయాలి, ఎవరు డోలు కొట్టాలి, అన్నీ లెక్కే. బాధ్యత ఎక్కడ గట్టిగా ఉందో, అది తప్పడం కూడా అక్కడే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానం రాయించినవాళ్ళకూ ఈ భయం ఉండేది. దానశాసనాల చివర తిట్టు ఉంటుంది. తనదైనా పరులదైనా ఇచ్చిన దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని, దాదాపు 575 నాటిదాన్ని, తొలి తెలుగు శాసనం అంటున్నాం. అరిగిపోయిన ఆ రాతి మీద కూడా చివరికి పంచమహాపాతకం పేరెత్తారు. అంటే తెలుగు రాయడం మొదలుపెట్టిన నాడే, మాట తప్పేవాడు ఒకడొస్తాడని రాయించినవాళ్ళకు తెలుసు. భాషకూ ఎగవేతకూ పరిచయం కొత్తది కాదు.

గుడి బయట పుట్టిన మాట ఒకటుంది, ఎగ్గొట్టడం. దీన్నీ కాస్త విప్పి చూడాలి. "ఎగ" అంటే పైకి. ఎగరడం, ఎగబాకడం, ఎగువ, అన్నిటా ఉన్నది అదే. బిళ్ళంగోడులో బిళ్ళను లేపి కొట్టినట్టు బాకీని పైకి లేపి కొట్టడం ఎగ్గొట్టడం. ఎక్కడ పడిందో ఇక వెతుక్కోవాల్సింది అవతలివాడు. పైసలే కాదు, బడి ఎగ్గొట్టొచ్చు, పన్ను ఎగ్గొట్టొచ్చు, పెళ్ళికి పోకుండా చదివింపులు కూడా ఎగ్గొట్టొచ్చు. పిల్లవాడి చేతిలో ఉన్నప్పుడు ఆ మాటలో ఒక ఆట సంబరం ఉంది. కోట్లు తిన్నవాడికీ అదే మాట వాడితే నాకు కొంచెం మనసొప్పదు.

దానికి బ్యాంకులు వేరే మాట కల్పించాయి, ఉద్దేశపూర్వక ఎగవేతదారు. చెప్పడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. రిజర్వు బ్యాంకు లెక్కలో ఆ బిరుదు దక్కాలంటే 25 లక్షల రూపాయలకు తగ్గకుండా బకాయి ఉండాలి. ఉండీ కట్టనివాడై ఉండాలి. బండలు దింపే హమాలీకి ఆ గౌరవం ఈ జన్మలో రాదు. ఇక ఆ అప్పుకు పెట్టిన పేరు మొండి బకాయి. మొండితనం ఎవరిది? మనిషిది కాదట, బకాయిది. ఇంట్లో కారూ, మెడలో గొలుసూ, నోట్లో అబద్ధమూ ఉన్నవాడు మెత్తగానే ఉన్నాడు, పాపం బకాయే మొండికేసింది.

ఇంతకంటే ముచ్చటైన మాట కోర్టు వరండాల్లో ఉంది, కాలదోషం. అప్పిచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నారనుకోండి. రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీద అడ్డంగా సంతకం. మూడేళ్ళలో దావా వేయకపోతే ఆ నోటుకు కాలదోషం పట్టిందంటారు. ఎగ్గొట్టినవాడి దోషం కాదు, కాలం దోషం. గ్రహణం పట్టినట్టు, బూజు పట్టినట్టు, దానంతటదే పట్టింది.

దీనికి విరుగుడు మా ఊళ్ళలో అందరికీ తెలుసు. మూడేళ్ళు నిండబోతున్నాయనగా ఇచ్చినవాడు ఒక సాయంత్రం బయల్దేరి పుచ్చుకున్నవాడి ఇంటికి పోతాడు. కోపం ముఖాన కనిపించకూడదు. వానల గురించి, వేరుశనగ ధర గురించి మాట్లాడాలి. కాఫీ తాగాలి. లేచి వచ్చేముందు, చెప్పులేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అనాలి. "ఒక్క నూరు రూపాయలియ్యి అన్నా. నోటు బతికించుకుంటా." అవతలివాడికీ తెలుసు. ఇవ్వనంటే పొద్దున్నే దావా. నూరు తీసి ఇస్తాడు. నోటు వెనక్కి తిప్పి, తన చేత్తోనే తేదీ వేసి, అంత మొత్తం చెల్లు అని రాసి సంతకం చేస్తాడు. దాంతో ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. లిమిటేషన్ చట్టం ఒప్పుకునే పద్ధతే ఇది. వెనకవైపు ఇలాంటి చెల్లులు వరసగా ఉన్న నోటు ఒకటి నేను చూశాను. అసలు అట్లాగే ఉంది, అక్షరాలు మాత్రం చెల్లు చెల్లుకూ వణుకు నేర్చుకున్నాయి. సంతకం చేసే చెయ్యీ, చేయించుకునే మనిషీ కలిసి ముసలివాళ్ళవుతున్నారు. ఒకరినొకరు వదలడానికి లేదు. మన పత్రికలు వాడే తిలోదకానికి సరిగ్గా ఎదురు పని ఇది. అక్కడ బతికున్నదాన్ని చచ్చిందనడం, ఇక్కడ చావబోతున్నదానికి గొంతులో చుక్క పోయడం.

చుక్క పోయడం మరిచిపోయి కాలదోషం పట్టాక కూడా ఒక మెలిక ఉంది. దావా హక్కు పోతుంది గానీ అప్పు పోదంటుంది చట్టం. కాలం చెల్లిన అప్పును తీరుస్తానని కాగితం మీద రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ రాత చెల్లుతుంది. అంటే అడగడానికి నోరు లేకుండా అప్పు ఊళ్ళోనే తిరుగుతుంటుందన్నమాట. మా వాళ్ళు దాన్ని ఇంకా తేలిగ్గా చెప్తారు, "కోర్టులో లేదు గానీ కడుపులో ఉంది" అని.

లేక ఇవ్వనివాడి సంగతి వేరే. మా నేల మీద వాన మాట తప్పినప్పుడల్లా మనుషుల మాటలూ తప్పుతాయి. కరువు ఏడాది విత్తనాల అప్పు ఎలా తీరుతుంది? 1876లో మొదలైన కరువు కర్నూలు జిల్లాను ఎలా ఊడ్చిందో పెద్దల నోట వినని ఇల్లు లేదు. అప్పు కాగితాలు ఉన్నాయి, రాసిచ్చిన చేతులు లేవు. 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చి పాత వడ్డీలను కొట్టేసినప్పుడు, షావుకార్లకది అధికారికంగా పెట్టిన నామంలా తోచి ఉంటుంది. రైతుకు అది ఊపిరి. ఒకే కాగితం, రెండు ఇళ్ళలో రెండు రకాలుగా చదివారు.

చేతులెత్తేసేవాడికి పాత కాలంలో కనీసం ఒక తంతు ఉండేది. వ్యాపారం మునిగిన షావుకారు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి తప్పుకునేవాడట. అప్పిచ్చినవాళ్ళు ఆ వెలుగు చూసి సంగతి తెలుసుకునేవాళ్ళు. దివాలా అనే మాట ఆ దీపం నుంచే వచ్చిందని చెప్తారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. ఇటలీలో ఇలాంటివాడి బల్ల విరగ్గొట్టేవాళ్ళని, ఇంగ్లీషు బ్యాంక్రప్ట్ ఆ విరిగిన బల్లేనని అంటారు. మనం దీపాన్నీ బల్లనూ వదిలేసి రెండక్షరాలు పట్టుకున్నాం, ఐపీ. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి చట్టం కింద, అప్పులు 500 రూపాయలు దాటి తీర్చలేని స్థితిలో ఉన్నానని కోర్టుకు చెప్పుకునే అర్జీ. ఆ 500 ఎప్పటి 500 అనేది ఎవరూ పట్టించుకోలేదు. నిజంగా చితికిపోయినవాడికి తలదాచుకోవడానికి పెట్టిన గొడుగు అది. మన ఊళ్ళలో చివరికి "ఐపీ పెట్టె పాయె" అంటే చాలు, చీటీల పాటలో కూర్చున్న ఆడవాళ్ళ గుండె గుభేలుమంటుంది. ఐపీ పెట్టడం, నామం పెట్టడం, టోపీ పెట్టడం. "పెట్టడం" అనే క్రియ ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి. అన్నం పెట్టడం కూడా అదే క్రియ.

మనుషుల మధ్యే కాదు, ప్రాంతాల మధ్యా బాకీలుంటాయి. మా సీమ చరిత్రే ఒక బాకీతో మొదలవుతుంది. 1800లో నిజాం తన రక్షణకు ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకు డబ్బు బదులు ఈ జిల్లాల్ని రాసిచ్చాడు. అలా దత్తమండలాలయ్యాం. దత్తం అంటే ఇచ్చేసినది, ధారపోసినది. నీళ్ళు వదిలింది హైదరాబాదులో, తడిసింది మేము. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్నారు. పేరు నిలబడింది.

తర్వాత శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళలో సీమకూ నెల్లూరుకూ ముందు వాటా. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, 1956 నవంబరు 1న పోయింది. నీళ్ళ మాట అలాగే ఉండిపోయింది. సీమ పెద్దలు అడిగింది నీళ్ళు వదలమనే. వదిలారు. ఏ నీళ్ళో ఒడంబడికలో స్పష్టంగా రాయించుకోవాల్సింది. కాలదోషం పట్టకుండా అప్పుడప్పుడూ వెనక చెల్లు రాయించుకోవాలన్న తెలివి ప్రామిసరీ నోటు దగ్గర ఉన్నవాళ్ళకు ఒడంబడిక దగ్గర లేకపోయింది. ఎన్నికలప్పుడు మాత్రం ఎవరో ఒకరు కాఫీ తాగడానికొచ్చి ఆ కాగితం చూపించి పోతుంటారు.

మళ్ళీ నువ్వుల దగ్గరికి. తండ్రికి తిలోదకాలిచ్చే కొడుకు మీద మన ధర్మశాస్త్రం ఇంకో బరువు కూడా పెట్టింది, తండ్రి అప్పు. తండ్రి ఋణంతో పోతే పరలోకంలో ఊపిరాడదని, కొడుకు తీర్చి విడిపించాలని. తాగుడుకో జూదానికో చేసిన అప్పయితే అక్కర్లేదన్నారు, అంత మేరకు దయ చూపారు. ఇంగ్లీషువాళ్ళ కోర్టులు కూడా ఈ ధర్మాన్ని కొడుకుల మీద డిక్రీలుగా అమలు చేశాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాతి అప్పులకు కొడుకును కేవలం కొడుకైన పాపానికి పట్టుకోవడం కుదరదని తేల్చేశారు. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ కూడా అదే కావడంతో ఈ సంగతి మరుగున పడింది. శతాబ్దాల నాటి పుత్రధర్మానికి పార్లమెంటు తిలోదకాలిచ్చింది. ఈ ఒక్క వాక్యంలో మాత్రం ఆ మాట తన సొంత ఇంట్లో ఉన్నట్టుంది.

అప్పు తీర్చడం, మొక్కు తీర్చడం, ఋణం తీర్చుకోవడం. ఈ వరసలో మా వైపు ఇంకోటి ఉంది, పగ తీర్చుకోవడం. క్రియ అదే. "నీ బాకీ ఉంచుకోనులే" అనే వాక్యాన్ని మా దగ్గర అన్నం పెట్టినవాడితోనూ అంటారు, కొట్టినవాడితోనూ అంటారు. ఏది ఎవరితో అంటున్నారో గొంతును బట్టి తెలుసుకోవాలి. సినిమావాళ్ళు మమ్మల్ని సుమోలూ కొడవళ్ళూగా తేల్చేయడం చూస్తే ఒళ్ళు మండుతుంది. బండలు కోసేవాళ్ళను, శనగలు విత్తేవాళ్ళను తెర మీద చూపించింది తక్కువ. కానీ కొన్ని ఊళ్ళలో కక్షలు లేవని నేను అనలేను. చట్టం ఏ కొడుకునూ బలవంతపెట్టని ఆ బాకీని కొడుకులు అడక్కుండానే తలకెత్తుకున్నారు. దానికి నోటు లేదు, స్టాంపు లేదు, కాలదోషమంటూ ఎన్నడూ పట్టింది లేదు. ఊరివాళ్ళు ఏటేటా గుర్తు చేసి దాన్ని బతికిస్తూ వచ్చారు.

ఈ మధ్య అలాంటి ఊళ్ళో ఒక పెద్దాయన తన కొడుకు సంగతి చెప్పుకొచ్చాడు. ఆ అబ్బాయి బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. అవతలి ఇంటి అబ్బాయిదీ అదే ఊరు, అదే పని. ఒకరి గృహప్రవేశానికి ఒకరు పోయి భోంచేసి వచ్చారట. ఫోటోలు కూడా దిగారట. తాతను పోగొట్టుకున్న ఇల్లొకటి, చిన్నాయనను పోగొట్టుకున్న ఇల్లొకటి. పెద్దాయన ఆ ఫోటో ఫోనులో నాకు చూపించి, తల అడ్డంగా ఊపుతూ "మా వోడు ఎగ్గొట్టినాడప్పా" అన్నాడు.

లోపల చేటలో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది. "ఎగ్గొట్టనీ. బతికుండాడు గదా, సాల్లే."